ముంజేతి కంకణానికి సినిమా

మా బంధువుల్లో ఏ పెళ్లి జరిగినా, ఏ నామకరణం జరిగినా, భోజనాల తర్వాత ఒక కథ తప్పదు. చెప్పేది నా భార్య సరోజ. "మ్యూజియంలో ఇన్నూరు మంది ముందర లేచి నిలబడి, ఆ బొమ్మలో ఉండేది నా పెండ్లాము చెయ్యి అని చెప్పినాడమ్మా మీ మామ" అంటుంది. ఆడవాళ్లు నిట్టూరుస్తారు. కొత్తగా పెళ్లయిన పిల్లలు తమ భర్తల వైపు తిరిగి, నువ్వూ ఉన్నావు దేనికి అన్నట్టు చూస్తారు. నేను తల వంచుకుని తమలపాకుకు ఈనెలు తీస్తూ కూర్చుంటాను. అందరూ దాన్ని సిగ్గు అనుకుంటారు.

సిగ్గే. కాని వాళ్లు అనుకునే సిగ్గు కాదు.

ఆ కథలో ప్రతి మాటా నిజం. లేచి నిలబడ్డది నిజం, మైకు పట్టుకున్నది నిజం, ఆ మాట అన్నది నిజం. ఎందుకన్నానో అది మాత్రం నాలుగేళ్లపాటు నేను నోరు విప్పి చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఊళ్లో ఆడవాళ్ల చేతులు పట్టుకుని బతికినవాడు చివరికి ఒక్క చేతిలో ఎలా మునిగిపోయాడో ఇప్పుడు చెబుతాను. చిన్నతనం అని క్షమించడానికి కూడా వీల్లేదు. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. బుద్ధి రావడానికి ఆ వయసు కొందరికి చాలదు.

బళేపేటలో మాది గాజుల అంగడి. తాత పెట్టింది, నాన్న నిలబెట్టింది, నేను కూర్చున్నది. మా వృత్తిలో కొలబద్ద ఉండదు. చెయ్యి ముందుకు చాపితే, వేళ్ల కణుపులు ఒకసారి నొక్కి, రెండు–నాలుగు, రెండు–ఆరు, రెండు–ఎనిమిది అని సైజు చెప్పేయాలి. ముఖం మరిచిపోయినా పరవాలేదు, చెయ్యి మరిచిపోకూడదు అనేవాడు తాత. దాంతో నా చూపు జీవితంలో మణికట్టు ఎత్తు దాటి పైకి పోలేదు. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముఖం పోల్చుకోలేక తికమకపడతాను. నమస్కారం పెట్టారంటే మాత్రం, ఓహో చిక్కపేట చీరల అంగడి సుబ్బమ్మగారా అని వెంటనే తెలిసిపోతుంది. తాతకు ఇంకో సిద్ధాంతం కూడా ఉండేది. కడ్డీకి తగిలించి ఉంటే అది గాజు ముక్క, చేతి మీదికి ఎక్కితేనే గాజు. ఇప్పుడైతే ప్రతి అంగడిలోనూ ప్లాస్టిక్ చెయ్యి ఒకటి నిలబెట్టి దానికి తొడిగి చూపిస్తున్నారు. మా కాలంలో ఆ ప్లాస్టిక్ చెయ్యి లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అందుకే ఈ అనర్థం.

మా అమ్మాయి మానసకు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కాపురం. ఒకే ఊరైనా, ఈ ట్రాఫిక్‌లో మా ఇంటి నుంచి అక్కడికి పోవడం కంటే తిరుపతి పోయి రావడం తేలిక. ఆ పిల్ల ఒక ఆదివారం వచ్చి, "నాన్నా, మ్యూజియంలో ఒక ఆర్టిస్ట్ ఎగ్జిబిషన్ ఉంది. అంతా మన బళేపేట పెయింటింగ్సే. మీరిద్దరూ రావాల్సిందే" అని కారెక్కించింది. బళేపేట చూడటానికి బళేపేట నుంచి బయలుదేరి వెళ్లిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

చిత్రకారుడి పేరు నీలకంఠ. ఏడాది కిందటే పోయాడట. గోడల నిండా మా వీధులే. ఇనుప సామాన్ల అంగడి, పూల బుట్టలు, వర్షంలో తడిసిన గాడిద. గాడిద బాగుందని నేను దాని దగ్గరే నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే సరోజ ఒక బొమ్మ ముందు కదలకుండా నిలబడి ఉంది.

పేరు 'హసిరు బళె'. కన్నడంలో పచ్చ గాజులు అని. పసుపుపచ్చని వెలుగు, అందులోకి పక్కనుంచి చాపిన ఒక చెయ్యి. మనిషి లేదు, ముఖం లేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చ గాజులు. బొటనవేలి కింద, మణికట్టు ఎముక దగ్గర నెలవంకలాంటి చిన్న మచ్చ. సరోజ కళ్లలో నీళ్లు.

"ఏమయ్యింది?"

"మేష్ట్రు" అంది సరోజ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "డ్రాయింగ్ మేష్ట్రు. మా మిద్దె మీద రూములో బాడిగకు ఉండె గదా."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు యాపొద్దన్నా అడిగినారా?"

నాకు మెల్లగా జ్ఞాపకం వచ్చింది. సరోజ పుట్టిల్లు మా అంగడికి ఎదురుగానే. పైన ఎవరో గడ్డపాయన ఉండేవాడు. ఆయన మా అంగడికి వచ్చి చెయ్యి చాపలేదు కాబట్టి నా లెక్కలో ఆయన లేడు. నేను మళ్లీ బొమ్మలోని చెయ్యి చూశాను. వృత్తి ఊరుకోదు కదా, చూడగానే సైజు తట్టింది. రెండు–ఎనిమిది. సరోజది రెండు–ఎనిమిది. మణికట్టు మీద నెలవంక మచ్చ. సరోజకు ఒబ్బట్లు కాలుస్తూ నూనె చిట్లి పడ్డ మచ్చ సరిగ్గా అక్కడే ఉంది. అంతే. నా కడుపులో ఒక గాజుల పెట్టె మూతతో సహా కింద పడింది.

ఆ వారం నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. బతికున్నవాడి మీద అసూయపడటం సులువు. వాడికి పొట్ట వస్తుంది, బట్టతల వస్తుంది, మోకాళ్ల నొప్పులు వస్తాయి, మనకు ఊరట. పోయినవాడు అలా కాదు. ఎగ్జిబిషన్ గుమ్మంలో నీలకంఠ ఫొటో ఉంది, ముప్పై ఏళ్ల వయసు, మెడ దాకా ఉంగరాల జుట్టు. ఆయన ఇంకెప్పటికీ అలాగే ఉంటాడు. నేనేమో ప్రతి ఉదయం అద్దంలో ఇంకొంచెం పాతబడుతుంటాను.

ఇనుప సామాన్ల అంగడి పెట్టుకున్న సరోజ అన్న వెంకటేశును, మాటల్లో మాటగా, ఆ మేష్ట్రు ఎలాంటివాడని అడిగాను.

"దేవుడట్లా మనిషప్పా" అన్నాడు మేకులు తూస్తూ. "మా సరోజ కాఫీ తీసకపోతే గానీ కుంచె ముట్టేటోడు కాదు."

"ఇచ్చి వచ్చేసేదా?"

"యాడొచ్చేది. అర్ధగంట అక్కడే నిలబడుకొని ఉండేది. మా అమ్మ కింద నించి అరిస్తే గానీ దిగేది కాదు. యాల బావా, ఇప్పుడేమి పని దాంతో?"

ఏమీ లేదన్నాను. అర కిలో మేకులు కూడా కొన్నాను, అనుమానం రాకుండా. ఆ మేకులన్నీ నా గుండెలోనే దిగాయని వాడికి తెలియదు. ఆ రోజు ఇంట్లో కాఫీ తాగుతూ, "మీ మేష్ట్రు కాఫీలో చక్కెర ఎంత వేసుకునేవాడు?" అని అడిగాను. సరోజ నన్ను వింతగా చూసి, గుర్తులేదంది. గుర్తులేదనడం కంటే పెద్ద సాక్ష్యం ఉంటుందా? నాకు అప్పుడు అలాగే అనిపించింది. మర్నాడు ఒక ఖాదీ కుర్తా కొన్నాను. జుట్టు పెంచుదామనుకున్నాను గాని పెరగడానికి ముందు అది ఉండాలి.

ఇక్కడి దాకా నవ్వుకోండి. తర్వాత చేసిన పని నవ్వుకునేది కాదు.

సరోజ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె ఒకటి మంచం కింద ఉంటుంది. ముప్పై ఏళ్లలో నేను దాని మూత ఎత్తలేదు. ఆమె గుడికి వెళ్లిన పూట ఎత్తాను. చీరలన్నీ తీశాను. అడుగున పెళ్లి చీర, దాని మడతలో అట్ట మీద అంటించిన కాగితం. పెన్సిలుతో గీసిన చెయ్యి, నిండా గాజులు, నెలవంక మచ్చ. కింద కన్నడంలో 'సరోజకు, నీలకంఠ' అని ఉంది.

చీరలు మళ్లీ మడిచి పెట్టాను. కాగితం పెట్టలేదు. సాక్ష్యం అనుకుని చొక్కా లోపల దాచుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు. భూతమైతే భయపెట్టి పోతుంది. ఇది నా చేత దొంగతనం చేయించింది.

శనివారం సాయంత్రం మ్యూజియంలో నీలకంఠ మీద తీసిన సినిమా వేస్తున్నారు. ఎగ్జిబిషన్‌తో పాటే ఈ ప్రదర్శన కూడా, చివర చర్చ. నేను వెళదామంటే మానస ఆశ్చర్యపోయింది, తండ్రికి కళ మీద మనసు పోయిందని సంతోషపడింది. కుర్తా వేసుకున్నాను, కాగితం లోపలి జేబులో. చిన్న హాలు, ఐస్‌క్రీం పెట్టెలాంటి చలి. గడ్డాలవాళ్లు, నూలు చీరలవాళ్లు. మెడ వెనక ఏదో గుచ్చుకుంటుంటే మానస వంగి చూసి, "నాన్నా, ట్యాగ్ తీయలేదు నువ్వు" అని కుర్తా ధర చీటీ పీకేసింది.

ఎగ్జిబిషన్ చూసుకునే ఒక అమ్మాయి వేదిక మీదికి వచ్చి, కాసేపు ఇంగ్లిష్‌లో, కాసేపు కన్నడంలో మాట్లాడింది. నీలకంఠ బొమ్మల్లో అందరూ అడిగేది 'హసిరు బళె' గురించేనట. ఆ చెయ్యి ఎవరిదో ఇవాళ్టి సినిమాలో తెలుస్తుందట. ముందుగా ఈ హాల్లో ఎవరికైనా తెలిస్తే చెప్పవచ్చునంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని సామెత. నేను జేబు తడుముకుంటూ లేచాను.

"నాన్నా, ప్లీజ్, కూర్చో" అంది మానస. మైకు చేతికి వచ్చింది. నేను రెండు వాక్యాలు కంఠస్థం చేసుకుని వచ్చాను. మొదటిది ఇది: "ఆ చెయ్యి నా భార్యది." రెండోది: "పెళ్లికాని పిల్లను కాఫీ వంకతో మిద్దె మీద నిలబెట్టి బొమ్మ గీసే హక్కు ఆయనకు ఎవరిచ్చారో నాకు జవాబు కావాలి."

మొదటి వాక్యం అయింది. హాలంతా ఒక్కసారి చప్పట్లు. నేను రెండో వాక్యం పూర్తిగా, ఒక్క అక్షరం పోకుండా చెప్పాను. నాకే వినబడలేదు. వెనక వరుసలో ఒకామె కళ్లు తుడుచుకుంటోంది. వేదిక మీది అమ్మాయి గుండెల మీద చెయ్యి పెట్టుకుని, ఆమెను ఒకసారి లేవమనండి అంది. సరోజ నెమ్మదిగా లేచి, అందరికీ దండం పెట్టి, నా వైపు ఒక్క చూపు చూసి కూర్చుంది. ఆ చూపుకు నేను సైజు చెప్పలేకపోయాను.

దీపాలు ఆర్పారు. సినిమా మొదలైంది.

నీలకంఠ ముసలివాడై పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉంగరాల జుట్టు లేదు, నాకంటే పెద్ద బట్టతల. చెప్పొద్దూ, కొంచెం శాంతించాను. అరగంట తర్వాత 'హసిరు బళె' తెర మీదికి వచ్చింది. ఆయన కన్నడంలో నవ్వుతూ చెప్పాడు. "అందరూ ఆ అమ్మాయి ఎవరని అడుగుతారు. అమ్మాయి ఎవరూ లేదు. నా కిటికీకి ఎదురుగా గాజుల అంగడి ఉండేది. అందులో ఒక కుర్రాడు పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లకు చూపించడానికి గాజులు తన చేతికే మోచేతి దాకా తొడుక్కుని, వెలుగులోకి చాపేవాడు. ఏ ఆడమనిషీ గాజులు అంత ముద్దుగా తొడుక్కోగా నేను చూడలేదు. మణికట్టు మీద గాజు పెంకు కోసిన మచ్చ కూడా ఉండేది. చెబితే సిగ్గుపడతాడని ఎప్పుడూ చెప్పలేదు."

చీకట్లో నా కుర్తా చెయ్యి పైకి జరుపుకున్నాను. తెర వెలుగు మణికట్టు మీద పడింది. బొటనవేలి కింద, ఎముక దగ్గర, నెలవంక.

మగవాడి చేతి మీద వెంట్రుకలేవి అంటారేమో. ఆరేళ్లు రోజూ గాజులు ఎక్కించి దించితే వెంట్రుక ఎక్కడ నిలుస్తుంది? ముంజేతి కంకణానికి అద్దం ఎందుకని పెద్దలు అన్నారు. నా ముంజేతికి అద్దం చాలలేదు, ఏకంగా సినిమా తీయాల్సి వచ్చింది.

దీపాలు వెలిగేసరికి నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, నెలవంక మచ్చ బయటికి కనిపిస్తూ. రెండు వందల తలలు నా వైపు తిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా. మానస రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. నేను కుర్చీ కిందికి జారిపోతుండగా ఆ వేదిక అమ్మాయే నన్ను కాపాడింది. ముప్పై ఏళ్లు కలిసి బతికితే భార్యాభర్తల చేతులు ఒకటే అయిపోతాయని, తన చేతిలో కూడా భార్య చెయ్యే కనిపించిన మనిషి ఈయన అని, మరోసారి చప్పట్లు కొట్టించింది. నేను లేచి నమస్కారం పెట్టాను. మీరైనా అదే చేసేవారు.

తిరుగు దారిలో ఆటోలో సరోజ ఒకే మాట అంది. "బాగా మాట్లాడినారు." అప్పుడు జేబులోని కాగితం గుర్తొచ్చింది. ఆ చెయ్యీ నాదే. ముప్పై ఏళ్లు పెళ్లి చీర మడతలో ఈమె దాచుకున్నది నా చెయ్యి. దాన్ని నేను దొంగిలించాను.

ఆ పూటే చెప్పవలసింది. చెప్పలేదు. ప్రేమగల భర్త అనే పేరు వద్దన్నా మీద పడింది, తీసేయబుద్ధి కాలేదు. కాగితాన్ని అంగడిలో, ఎవరూ అడగని వంకాయరంగు గాజుల పెట్టె అడుగున పెట్టాను. సరోజ ఆ కథ మొదటి పెళ్లిలో చెప్పింది, రెండో పెళ్లిలో చెప్పింది. నేను ఈనెలు తీశాను.

మొన్నటి నెల వెంకటేశు కూతురికి పెళ్లి. పెళ్లికి ముందు రోజు బళె శాస్త్రం, అంటే ఇంటి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి పచ్చ గాజులు తొడగడం. తొడిగేది నేనే. ముప్పై చేతులు వరసగా వస్తుంటే, పక్కన సరోజ కథ చెబుతోంది. పెళ్లికూతురు చెయ్యి నా చేతిలో పెట్టి అడిగింది. "మామా, ఎవరో మగోడు అత్త చెయ్యి గీసినాడు అనుకున్నావు గదా. స్వల్పం కూడా డౌట్ రాలేదా నీకు?"

సరోజ మాట్లాడటం ఆపింది. నా వైపే చూస్తోంది.

"లేదమ్మా" అన్నాను.

నా వేళ్ల మధ్య గాజు చిట్లింది. ముప్పై ఏళ్లలో శాస్త్రం పూట నా చేతిలో గాజు చిట్లడం అదే మొదలు. పెంకు నా మణికట్టునే కోసింది, సరిగ్గా పాత నెలవంక పక్కన.

పెళ్లి అయిన మరునాడు ఇంట్లో సరోజ నానిన అనపగింజలను పొట్టు ఊడేలా పితుకుతూ కూర్చుంది. నేను కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. ఆశ్చర్యపోలేదు.

"మడత పడకుండా బాగనే పెట్టుకున్నారే" అంది.

"నీకు తెలుసా?"

"చీరలు రంగు ప్రకారం వరసగా పేర్చినారు, గాజుల పెట్టె సర్దినట్ల. దొంగ ఎవరో నేను పోలీసులను అడగల్నా?"

"మరి నాలుగేండ్లు ఎందుకు అడగలేదు?"

"మీరు చెప్తారేమో అని. ఆ కథ చెప్పినప్పుడంతా మీ మొగమే చూస్తా ఉంటి. ఈపొద్దు నోరు తెరుస్తాడు, ఈపొద్దు తెరుస్తాడు అని. పదకొండు పెండ్లిండ్లు అయిపాయ."

నేను మొత్తం చెప్పాను. మేకులు, కుర్తా, చక్కెర, చప్పట్లలో మునిగిపోయిన రెండో వాక్యం. ఆమె గింజలు పితుకుతూనే వింది. చివరికి, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆగలేక, రోజూ అర్ధగంట అక్కడ ఎందుకు నిలబడేదానివని అడిగేశాను.

"కాఫీ ఆయన కోసమే, నిజమే" అంది సరోజ. "నిలబడింది ఆయన కోసం కాదు. మీ అంగడి కనపడే కిటికీ ఆ రూములో ఉండె."

ఒక గింజ జారి దొర్లుకుంటూ నా కాలి దగ్గరికి వచ్చింది. నేను దాన్ని తీసి గిన్నెలో వేయడానికి చాలాసేపు పట్టింది.

"మా అన్న సంబంధం మాట ఎత్తినప్పుడు ఎదురింటి పిల్లోడు చాలు అంటిని. అది మేష్ట్రుకు ఒక్కరికే తెలుసు. పెండ్లికి ఇది గీసి ఇచ్చినాడు. మీరు ఒక్క దినమన్నా తల ఎత్తి పైకి చూసింటే ఇంత రామాయణం ఉండేది కాదు."

"తప్పయిపోయింది సరోజా. నీ పెట్టె తెరిచింది తప్పు. నిన్ను అడగకుండా నీ అన్నను అడిగింది తప్పు. నాలుగేండ్లు ఊరుకుండింది అన్నిటికంటే తప్పు."

ఆమె తల ఊపింది. "అనుమానపడింది పోనీండి, మగబుద్ధి. ఒకటి మాత్రం ఒప్పుకునేది లేదు. ఆ బొమ్మలోది రెండు–ఎనిమిది. మానస పుట్టినాక నాది రెండు–ఎనిమిది. పెండ్లినాటికి నాది రెండు–నాలుగు. మీరే తొడిగి, చిన్నపిల్ల చెయ్యిలాగా ఉండాదే అని నవ్వినారు. బళేపేటలో గాజులమ్మేవాడు పెండ్లాము సైజు మరిచిపోతాడా?"

తాత ఫొటో గోడ మీద ఉంది. అటు చూసే ధైర్యం చాలలేదు.

కాగితం ఇప్పుడు పెట్టెలో లేదు. పెట్టెలో పెడితే దొంగలు పడతారని సరోజ దానికి అద్దం కట్టించి తాత ఫొటో పక్కన తగిలించింది. గోడకు కొట్టిన మేకు నేను వెంకటేశు దగ్గర కొన్న అర కిలోలోదే. నాకు విధించిన శిక్ష కూడా తనే చెప్పింది. తను పదకొండు పెళ్లిళ్లలో ఎంతమందికి చెప్పిందో అంతమందికీ అసలు సంగతి నేను చెప్పాలి. అంత నోరు లేదు కాబట్టి రాశాను.

కాబట్టి గంగమ్మ తల్లి సాక్షిగా, మా తాత పెట్టిన గాజుల పెట్టెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ముందు ఏ బొమ్మలో ఏ చెయ్యి కనిపించినా, ముందు నా చొక్కా చెయ్యి పైకి జరిపి చూసుకున్న తర్వాతే అసూయపడతాను. ఆరోజు మ్యూజియంలో నా రెండో వాక్యం చప్పట్లలో పోయింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టకండి, ఇది అందరికీ వినబడాలి. సరోజా, నీది రెండు–నాలుగు. నన్ను క్షమించు.